కండక్టరు గారి డ్రోను

మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టడం ఎవరైనా చేస్తారు. మన కండక్టరు నడినెత్తి చూసి గుర్తుపడతాడు. సర్వీసంతా బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి గడిపినవాడికి కనబడేవి ఏముంటాయి? జడలు, మెడలు, బట్టతలలు, కాలర్ల మీద జిడ్డు. ముందుకి తిరిగి కూర్చున్న లోకాన్ని వెనకనుంచి చూసీ చూసీ అతనికొక నమ్మకం కుదిరిపోయింది. మనిషి ముఖాన్ని అదుపులో పెట్టుకోగలడు గానీ వీపుని పెట్టుకోలేడట. టికెట్టు తీసుకోకుండా తీసుకున్నట్టు కూర్చున్నవాణ్ణి మెడే పట్టిస్తుందట. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని బస్సెక్కితే పక్కపక్కనే కూర్చున్నా రెండు తలల మధ్య ఇంకో తల పట్టేంత ఖాళీ ఉంటుందట. ఇలాంటివి చెప్పడం మొదలుపెట్టాడంటే ఎదుటివాడి టీ చల్లారిపోవాల్సిందే.

వీధిలో వెనకాల అతన్ని 'రైట్ రైట్' అంటారు. ఎదురుగా అయితే కండక్టరు గారు. రిటైరైన రోజు డిపో వాళ్ళు టికెట్ల మిషను, తోలు సంచీ, బ్యాడ్జీ అన్నీ వెనక్కి పుచ్చుకున్నారు. ఈల మాత్రం అడగలేదు. ఎంగిలి ఈల ఎవరికి కావాలి? దాన్ని తాడుతో సహా మెళ్ళో వేసుకుని ఇంటికొచ్చాడు. స్నానానికి తప్ప మళ్ళీ తియ్యలేదు. వీధిలో ఎవరైనా స్కూటరు వెనక్కి తీస్తున్న చప్పుడైతే చాలు, ఇంట్లో కూర్చునే ఈల వేసేవాడు. ఒక్క ఈల అంటే ఆగు. రెండు ఈలలంటే పోనీ. ఆయనకి వచ్చిన మాటలు ఆ రెండే అని భార్య అంటుంది.

ఆవిడ కూడా మొదట్లో ఆ బస్సులో ప్రయాణికురాలే. "ముందుకి జరగమ్మా, ముందంతా ఖాళీయే" అని అతను రోజూ అరుస్తుంటే ఒకనాడు ఆవిడ వెనక్కి తిరిగి, "ఖాళీ ఉంటే నువ్వే జరుగు" అంది. బస్సంతా గొల్లుమంది. కండక్టరు అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఆ పిల్లకీ పెళ్ళయింది. ఆవిడ మాత్రం అతని మాట మీద ఇప్పటికీ ఒక్క అంగుళం జరిగిన పాపాన పోలేదు.

ఇక డ్రైవరు. అతన్ని వదిలేసి కండక్టరు గురించి చెప్పడం కుదిరే పని కాదు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే రూటు. ఒకడు ముందు, ఒకడు వెనక. డ్రైవరు వయసులో పెద్ద, మాటల్లో పిసినారి. సీట్లో కూర్చున్నాక వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. నెత్తిమీది అద్దంలో ఒక చూపు, అంతే. ఒక్క ఈల వినబడిందా, కుడికాలు దానంతటది బ్రేకు మీదికి వెళ్ళిపోయేది. రెండు ఈలలు వినబడందే మంత్రిగారొచ్చి చెప్పినా బండి కదిలించేవాడు కాదు. ఒకసారి ఈలలో బిస్కెట్టు ముక్క అడ్డంపడి అది పలకలేదు. జనం "పోనీ, పోనీ" అని గోల పెడుతున్నా డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. కండక్టరు ఈలని కడిగి, విదిలించి, రెండుసార్లు ఊదేదాకా చక్రం తిరగలేదు.

మధ్యాహ్నం ట్రిప్పులో కునుకు పట్టకుండా డ్రైవరుకి పిప్పరమెంటు బిళ్ళలు కావాలి. అవి కండక్టరు సంచీలో ఉండేవి. బస్సు కిక్కిరిసి ఉంటే వెనకనుంచి ముందుకి వెళ్ళేదెలా? వెనక సీటు వాళ్ళ చేతిలో పెట్టి "డ్రైవరుకి, డ్రైవరుకి" అనేవాడు. చేయీ చేయీ మారి బిళ్ళ ముందుకి చేరేది. దారిలో ఎవడో ఒకడు నోట్లో వేసుకుంటాడని ఎప్పుడూ రెండు పంపేవాడు. డ్రైవరు బిళ్ళ అందుకుని అద్దంలోకి చూసి కనుబొమ్మ ఎగరేసేవాడు. అది అతని ధన్యవాదం.

రిటైరయ్యాక ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో, ఎదురెదురు వరసల్లో. పొద్దున్నే టీ కొట్టు దగ్గర చేరేవారు. అక్కడ కూడా డ్రైవరు రోడ్డుకేసి తిరిగి బల్ల మీద కూర్చునేవాడు. కండక్టరు అతని వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు. ముఖాముఖీ కూర్చుని మాట్లాడుకోవడం ఇద్దరికీ చేతకాలేదు. వెనకనుంచి "అన్నా" అంటే ముందునుంచి "ఊఁ" అని వచ్చేది. ఆ "ఊఁ" లేకపోతే కండక్టరుకి టీ దిగేది కాదు.

అలాంటి కాపురంలో డ్రోను చిచ్చుపెట్టింది.

ఒకప్పుడు ఆకాశంలోంచి కింద ఉన్నవాళ్ళని వీడియో తీయాలంటే సినిమావాళ్ళో సైన్యం వాళ్ళో అయి ఉండాలి. ఇప్పుడు ఫోన్ల కొట్లో చార్జర్లకీ ఫోను తొడుగులకీ మధ్య కెమెరా డ్రోన్లు వేలాడుతున్నాయి. కండక్టరు పగిలిన ఫోను అద్దం మార్పించుకుందామని వెళ్ళాడు. డ్రోనుతో తిరిగొచ్చాడు. అద్దం పగిలింది పగిలినట్టే ఉంది.

కొట్టువాడు పాపం మంచివాడు, జాగ్రత్తలన్నీ చెప్పాడు. "గాలి ఉన్నప్పుడు ఎగరెయ్యకండి సార్. మనుషుల మీదుగా పోనివ్వకండి. కంటికి కనబడేంత దూరంలోనే ఉంచండి. దానికి బరువులేమీ కట్టకండి. ఇది మీ ఫోనుతోనే నడుస్తుంది, మధ్యలో కాల్ వస్తే చేతిలోంచి జారిపోతుంది, ముందే కాల్స్ రాకుండా ఆపుకోండి. మీ దగ్గర ఎగరెయ్యడానికి రూల్సేమిటో కూడా కనుక్కోండి."

"బస్సు నడిపినవాణ్ణయ్యా, నాకా చెప్తున్నావు" అన్నాడు కండక్టరు. నడిపింది అతను కాదన్న సంగతి కొట్టువాడికి ఎలా తెలుస్తుంది?

ఇంట్లో భార్య దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఏంటండీ ఇది, ఫ్యానా?"

"డ్రోనే. పైనుంచి చూడొచ్చు."

"ఇన్నాళ్ళూ వెనకనుంచి చూసింది చాల్లేదా?"

డాబా మీద మొదటిసారి ఎగరేస్తూ కండక్టరు రెండు ఈలలు వేశాడు. డ్రోను బుర్రుమని లేచింది. ఆహా అనుకున్నాడు. అది నీళ్ళ ట్యాంకు వైపు పోతుంటే ఆపుదామని ఒక్క ఈల గట్టిగా వేశాడు. అది ఆగలేదు. వెళ్ళి ట్యాంకుని గుద్దుకుంది. సర్వీసంతా ఆగమన్నదీ పొమ్మన్నదీ అతనే గానీ, ఆపిందీ నడిపిందీ ఇంకొకరు. చేతివేళ్ళకి ఆ పని తెలియదు, నోటికే తెలుసు. దర్జీ ఆవిడ బట్టల తీగలో ఒకసారి, కరెంటు స్తంభం మీద కాకి గూట్లో ఒకసారి, ఇస్త్రీ బండి బొగ్గుల మీద ఒకసారి పడి, రెక్కలు మార్చుకుని, చివరికి అది కాస్త మాట వినడం మొదలుపెట్టింది. ఇస్త్రీ అతని చెవి పక్కనుంచే పోయింది గానీ చెవి దక్కింది. ఎవరిదో తెల్లచొక్కాకి మాత్రం చిల్లు పడింది.

ఆ తర్వాత మన కండక్టరుకి కళ్ళు నెత్తికెక్కాయి, నిజంగానే. వీధిలో ప్రతి డాబా అరచేతిలో ఉంది. నడినెత్తుల విద్య ఇప్పుడు పనికొచ్చింది. పిల్లలు పరిగెడితే చెవి మెలేసే హెడ్‌మిస్ట్రెస్ గారు తలుపులన్నీ వేసుకుని డాబా మీద తాడాట ఆడుతున్నారు. వచ్చిన ప్రతివాణ్ణీ సిగరెట్టు మానెయ్యమని తిట్టే డాక్టరు గారు ట్యాంకు వెనక గొంతుక్కూర్చుని దమ్ము లాగుతున్నారు. వీధి సంఘం కార్యదర్శి గారి ఒత్తయిన జుట్టు బట్టల తీగ మీద క్లిప్పు పెట్టి ఆరుతోంది, కార్యదర్శి గారు పక్కనే నున్నగా కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఈ వార్తలన్నీ పొద్దున్నే టీ కొట్టుకి చేరేవి. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. వాళ్ళ వంతు వచ్చిన రోజున మాత్రం నవ్వేవారు కాదు.

కార్యదర్శి గారు ఫిర్యాదు చేద్దామని గుమ్మందాకా వచ్చారు. మాట్లాడినంతసేపూ ఒక చేత్తో జుట్టు సవరించుకుంటూనే ఉన్నారు. "పక్కవాళ్ళ డాబాలోకి తొంగిచూడటం నేరం, తెలుసా మీకు? పైగా అది ఎవరి నెత్తిమీదైనా పడితే?" అన్నారు. "మీకు పర్లేదు లెండి, మెత్తగా ఉంటుంది" అన్నాడు కండక్టరు. ఆయన ఎర్రబడి వెళ్ళిపోయారు.

మెచ్చుకోవలసింది ఒకటే. అలవాటు కొద్దీ, ఎగరేసే ముందు రెండు ఈలలు వెయ్యకుండా ఉండలేకపోయేవాడు. దాంతో వీధికి అదే సైరనైంది. ఈల వినబడితే చాలు, డాబాల మీద దుప్పట్లు లాగేసేవాళ్ళు, ట్యాంకుల వెనక దూరేవాళ్ళు, గొడుగులు విప్పేవాళ్ళు. "ఈల వేసి మరీ దొంగతనానికి వెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశాను" అని భార్య చేతులు జోడించింది.

ఇంతలో ఒక సంగతి కండక్టరు మనసుని తొలవడం మొదలుపెట్టింది. డ్రైవరు మధ్యాహ్నాలు బయటికి రావడం లేదు. పేకాటకి పిలిస్తే, "పనుంది" అంటాడు. రిటైరైన మనిషికి పనేమిటి? అడిగితే "ఊఁ" అంటాడు. కండక్టరు దగ్గర అన్న ఏదీ దాచలేదు ఇంతవరకు. దాచడానికి ఉండేది కూడా ఏమీ లేదనుకోండి. అయినా ఒకటి దాగిందంటే చాలు, కండక్టరుకి ముద్ద దిగదు.

ఒక మధ్యాహ్నం డ్రోనుని డ్రైవరు డాబా మీదికి పంపాడు. ఆ రోజు ఈల వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో అతనికి తెలుసు.

ఫోనులో కనబడింది చూసి ముందు నమ్మలేకపోయాడు. డ్రైవరు ఖాకీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, ఎత్తైన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ముందు ఇనుప స్టాండుకి బిగించిన పెద్ద బస్సు స్టీరింగు. ఎడంచేతి పక్కన గేరుకి బదులు చీపురు కర్ర. ఇటు తిప్పుతున్నాడు, అటు తిప్పుతున్నాడు, గేరు మారుస్తున్నాడు. పెదాలు బుర్ర్ బుర్ర్ అని కదులుతున్నాయి. ఎవడో అడ్డమొచ్చినట్టున్నాడు, లేని కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు కూడా. డిపోలో పాత బస్సుల్ని తుక్కుకి అమ్మేసినప్పుడు తెచ్చుకున్నట్టున్నాడు ఆ స్టీరింగు. ఒకడు ఈల తెచ్చుకుంటే ఇంకొకడు అది తెచ్చుకున్నాడు.

కండక్టరు నవ్వి నవ్వి డాబా మీద కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే టీ కొట్టుకి పరిగెత్తాడు. ఫోను చేయీ చేయీ మారింది. దర్జీ ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇస్త్రీ అతను "చీపురు గేరు, చీపురు గేరు" అని ఎగిరాడు. "ఏ స్టాపు దాకా వెళ్ళాడో కనుక్కోండి, నేనూ ఎక్కుతాను" అన్నాడు టీ కొట్టువాడు. అందరికంటే గట్టిగా నవ్వింది కండక్టరే.

ఆ ఫోను అలా మారుతూ మారుతూ వెళ్ళి ఒక చేతిలో ఆగిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. ఆ చెయ్యి డ్రైవరుది. పాల ప్యాకెట్టు కోసం వచ్చాడు. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. వీడియో మొదటినుంచి చివరిదాకా చూశాడు. ఫోనుని చొక్కాకి తుడిచి, రెండు చేతులతో కండక్టరుకి అందించాడు.

"బాగా తీశారండీ, కండక్టరు గారూ" అన్నాడు.

తిట్టి ఉంటే బావుండేది. చొక్కా పట్టుకుని నాలుగు పీకినా బావుండేది. ఇన్నేళ్ళలో ఆ నోటివెంట "ఒరే" తప్ప ఇంకోటి విననివాడికి ఆ "గారూ" చెంపదెబ్బలా తగిలింది. "అన్నా, ఊరికే..." అనబోయాడు. డ్రైవరు పాల ప్యాకెట్టు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు బల్ల ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే. కండక్టరు గోడకి ఆనుకుని ఖాళీ బల్ల వెనక నిలబడి టీ తాగాడు. ముందు మనిషంటూ లేకపోతే వెనక నిలబడటం ఎంత వెర్రిగా ఉంటుందో అతనికి తెలిసొచ్చింది. ఇంటికి వెళ్తే డ్రైవరు భార్య తలుపు సగం తెరిచి, "పడుకున్నారు తమ్ముడూ" అంది. లోపలినుంచి దగ్గు వినబడింది.

"నిద్దట్లో దగ్గుతున్నాడా వదినా?"

"ఆఁ, నిద్దట్లోనే. మీరు మళ్ళీ రండి" అని తలుపేసింది ఆవిడ.

ఎదురింటి డాబా మీద మధ్యాహ్నాలు చప్పుడు లేదు. స్టీరింగుని గోనెపట్టాలో చుట్టి మూలన నిలబెట్టేశాడు డ్రైవరు. అది చూడటానికి డ్రోను అక్కర్లేదు, తన డాబా మీదనుంచే కనబడుతోంది. వీధిలో ఎదురైతే అతను తల తిప్పుకోవడం లేదు, దారి ఇస్తున్నాడు. "రండి, ముందు మీరు వెళ్ళండి" అంటున్నాడు. అది ఇంకా ఘోరం.

కండక్టరు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే భార్య ఫోను లాక్కుంది. "ఏదీ, అంతగా ఏం తీశారో చూడనీ." ఆవిడ చూస్తోంది. నవ్వలేదు. ఒకచోట ఆపింది.

"స్టీరింగు సంగతి సరే. వెనకాల ఆ స్టూలు ఎవరికండీ?"

"ఏ స్టూలు?"

కండక్టరు చూశాడు. నవ్వు మత్తులో ఇన్నిసార్లు చూసినా చూడనిది. డ్రైవరు కుర్చీకి బాగా వెనక, మెట్ల గది గోడ పక్కన, సరిగ్గా వెనక తలుపు ఉండాల్సిన చోట, ఒక స్టూలు వేసి ఉంది. దాని మీద ఎవరూ లేరు. ట్యాంకు గొట్టానికి కట్టిన చిన్న అద్దం దానివైపే తిరిగి ఉంది. మలుపు తిరిగిన ప్రతిసారీ డ్రైవరు ఆ అద్దంలోకి చూస్తున్నాడు.

కండక్టరుకి ఏడుపొచ్చింది. మగవాడు, పెద్దవాడు అని ఆలోచించకుండా కంచం ముందే ఏడ్చాడు. భార్య అతని వీపు మీద చెయ్యి వేసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు. కాసేపటికి, "వెళ్ళి కాళ్ళ మీద పడండి" అంది.

"మాట్లాడనిస్తేగా! గారూ గారూ అంటాడే నన్ను."

ఇక్కడ వేరే మనిషైతే వెళ్ళి గుమ్మంలో కూర్చునేవాడు, తలుపు తీసేదాకా లేచేవాడు కాదు. కానీ మన కండక్టరుకి ఏ పనీ తిన్నగా చెయ్యడం రాదు. కొట్టుకి వెళ్ళి పిప్పరమెంటు బిళ్ళల పొట్లం కొన్నాడు. దాన్ని దారంతో డ్రోనుకి కట్టాడు. వెనకనుంచి ముందుకి పంపడమేగా, ఎన్నిసార్లు పంపలేదు? బిళ్ళలు చూస్తే అన్నకి అర్థమవుతుంది, కనుబొమ్మ ఎగరేస్తాడు, అంతటితో సరి. బరువు కట్టొద్దన్న కొట్టువాడి మాట గుర్తొచ్చింది గానీ, పిప్పరమెంటు బిళ్ళలు కూడా ఒక బరువేనా అనుకున్నాడు. దారం కాస్త పొడుగు పెట్టాడు, మెల్లగా దిగుతుందని. ఆ సాయంత్రం గాలి కూడా కాస్త ఎక్కువగానే ఉంది.

డ్రైవరు చేతిసంచీతో వీధిలో ఇంటికేసి నడుస్తున్నాడు, వీపు ఇటువైపు. కండక్టరు డాబా అంచున నిలబడి రెండు ఈలలు వేశాడు. వీధంతా అలవాటుగా లోపలికి దూరింది. డ్రైవరు మాత్రం ఆ ఈల తనకి కాదన్నట్టు నడుస్తూనే ఉన్నాడు. డ్రోను లేచింది, పొట్లం కింద గడియారం లోలకంలా ఊగుతోంది. గాలి కొట్టింది. పొట్లం ఇటు ఊగితే డ్రోను అటు ఒరిగింది. కండక్టరు బొటనవేళ్ళతో తంటాలు పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. కార్యదర్శి గారు. డ్రోను మీద ఫిర్యాదు చెయ్యడానికే చేశారు. తెర మీద వీధి మాయమై ఆయన పేరొచ్చి కూర్చుంది.

పగ్గం తెగిన డ్రోను ఒక్కసారి పక్కకి దొర్లి, రెక్కలు గిర్రున తిరుగుతూ, ఏటవాలుగా డ్రైవరు వెనకనుంచి అతని ముందుకి అడ్డంగా దిగుతోంది. కండక్టరు ఎక్కడ నొక్కినా కార్యదర్శే. అది ఎక్కడికి వస్తుందో అతనికి పైనుంచి స్పష్టంగా కనబడుతోంది. డ్రైవరు ఇంకొక్క అడుగు వేస్తే అతని ముఖం ఉండే చోటికి. "అన్నా" అన్న మాట రాలేదు. నోట్లో ఈల ఉంది. కడుపులో ఉన్న గాలంతా పెట్టి ఒక్క ఈల వేశాడు.

డ్రోనుకి ఆ భాష రాదు, అది ఆగలేదు. ఆగింది డ్రైవరు. లేచిన కుడికాలు అక్కడికక్కడే నేలకి తన్ని బిగుసుకుపోయింది, బ్రేకు తొక్కినట్టు. అతని ముక్కుకి జానెడు ముందునుంచి డ్రోను దూసుకుపోయి హెడ్‌మిస్ట్రెస్ గారి గేటు స్తంభానికి కొట్టుకుని ముక్కలైంది. ఒక రెక్క ముక్క ఎగిరి గేటు చెక్కలో మేకులా దిగబడింది. పిప్పరమెంటు బిళ్ళలు వడగళ్ళలా వీధంతా రాలాయి.

కండక్టరు మెట్లు ఎలా దిగాడో తెలియదు. చెప్పుల్లేకుండా వచ్చి పడ్డాడు. తలుపులు తెరుచుకున్నాయి, అందరూ బయటికొచ్చారు. "దెబ్బేమైనా తగిలిందా అన్నయ్యా?" అని దర్జీ ఆవిడ అడిగింది. డ్రైవరు పలకలేదు, కదల్లేదు, వెనక్కి తిరగలేదు. చేతిసంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని వీపు చూశాడు కండక్టరు. సర్వీసంతా చదివిన వీపు. ఆ రోజు మాత్రం అందులో ఏముందో తెలియలేదు.

"తప్పైపోయింది అన్నా" అన్నాడు. "నవ్వాను, నవ్వించాను. వెనక స్టూలు చూడలేదన్నా. దేవుడి తోడు, చూడలేదు. చూసుంటే... ఇప్పుడు నీ కళ్ళు పోయేవన్నా, నా వల్ల..."

డ్రైవరు అలాగే ఉన్నాడు.

"ఎంతసేపురా?" అన్నాడు చివరికి, ముందుకే చూస్తూ.

"ఏంటన్నా?"

"బండి ఆపావుగా. రైటెవడిస్తాడు, మీ తాతా?"

కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు. పెదాలు వణికి ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. కళ్ళనీళ్ళు ఈలలోకి కారుతున్నాయి.

"బిస్కెట్టు అడ్డంపడిందా?" అన్నాడు డ్రైవరు.

ఏడుస్తున్నవాడికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఈల పలికింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. అప్పుడు కదిలాడు డ్రైవరు. కాలి ముందు పడి ఉన్న పిప్పరమెంటు బిళ్ళ వంగి తీసుకుని, ఊది, నోట్లో వేసుకుని, ఇంటికేసి నడిచాడు. కండక్టరు ఎప్పుడూ ఉండే దూరంలోనే అతని వెనక నడిచాడు. వదిన ఈసారి రెండు తలుపులూ తీసింది.

డ్రోను ముక్కల్ని కండక్టరు భార్య బట్టల క్లిప్పుల బుట్టలో పడేసింది. గేటుకి దిగిన రెక్కని మాత్రం హెడ్‌మిస్ట్రెస్ గారు తియ్యనివ్వలేదు, "వచ్చేపోయేవాళ్ళు చూడనీ" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వీధిలో రెండు ఈలలు వినబడ్డాయి. దుప్పట్లు లోపలికి పోయాయి. డాక్టరు గారు సిగరెట్టు విసిరేశారు. కార్యదర్శి గారు తీగ మీది జుట్టు లాక్కుని తిరగేసి పెట్టుకుని ట్యాంకు కింద దూరారు. అందరూ తలలెత్తి చూశారు. ఆకాశంలో కాకులు తప్ప ఏమీ లేవు. డ్రైవరు డాబా మీదనుంచి మాత్రం మాటలు వినబడుతున్నాయి.

"దిగేవాళ్ళున్నారేమో చూడరా."

"ఎవరూ లేరన్నా. పోనీ."